పందొమ్మిది ఎత్తురాళ్ళు

తూకం తప్పు రాసింది నేను. రాయించింది మీరు.

అవును, మిమ్మల్నే. మిట్ట మీద, సముద్రం అందనంత ఎత్తున కూర్చుని, మణికట్టు మీద మెరిసిన ప్రశ్నకి 'సమ్మతం' అని వేలు ఆనించి, కాఫీ చల్లారేలోపు మరో పనిలో పడిపోయినవాళ్ళని. పసిపిల్లల్లో స్థూలకాయం ముప్పును ముందే పసిగట్టే పథకం, ఒప్పుకుంటారా అని అడిగింది ఆ ప్రశ్న. ఎవరు కాదంటారు? నేనూ కాదనలేదు. కానీ రెండో పుట తిప్పారా? తిప్పలేదు. తిప్పి ఉంటే నాకు ఇదంతా రాసే పని పడేది కాదు.

భయపడుతూ చదవక్కర్లేదు, ముందే చెప్పేస్తున్నాను. ఇందులో వచ్చే పిల్ల గంగ క్షేమంగా ఉంది. నేనిది రాస్తుంటే పక్కనే బోర్లాపడి నా చెప్పు అందుకుని నోట్లో పెట్టుకోవాలని చూస్తోంది. పది రోజుల తర్వాత ఇవాళే నాకు కడుపు నిండా అన్నం సయించింది. అంత ఊరటగా ఉంది. అయితే ఊరట పడటం వేరు, మిమ్మల్ని వదిలిపెట్టడం వేరు.

శిశుసేవికల నమోదు పుస్తకాలు ఎవరైనా తెరిచి చదువుకోవచ్చని చట్టం. నా పుస్తకాన్ని ఇప్పటిదాకా తెరిచినవాళ్ళు ముగ్గురు. అందులో ఇద్దరం నేనూ, మా చెల్లెలూ. ఆ మూడో మనిషెవరో కింద తెలుస్తుంది.

నాది ఏడో గట్టు, నీళ్ళ మధ్య పడవల్లో కాపురాలుండే చోటు. పేరు విముక్త. మా నాన్న సభలకీ ఊరేగింపులకీ తిరిగిన మనిషి, పేరు కూడా నినాదం లాగే పెట్టాడు. గట్టు మీద అందరికీ ముక్తక్కని. యాభైమూడేళ్ళు. కింద ఉన్నవి నా నమోదులు. ఒక్క అంకె కూడా మార్చలేదు. అంకెలు మార్చడం మానేశాను.

నమోదు 1. సోమవారం, ఆరు నెలల తూకం

పోటు ఎక్కువగా ఉంది. శిశుకేంద్రం మెట్లు మూడు మునిగాయి. పైకప్పు సౌర పలకల మీద పేరుకున్న ఉప్పు తుడిచి, నీళ్ళ యంత్రం ఆడించి, ఉగ్గు గిన్నెలు మరగబెట్టేసరికి తల్లులు పడవలు కట్టేసి పైకొచ్చారు. రోజూ అయితే బిడ్డల్ని నా దగ్గర వదిలి నాచు ఆరబోసే కళ్ళాలకి పోతారు. ఇవాళ కళ్ళానికి పోకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డారు. పందొమ్మిది మంది బిడ్డలకి తూకం.

తూకపు ఊయల పోయిన నెల మిట్ట నుంచి వచ్చింది. బిడ్డని పడుకోబెడితే పది నిమిషాలు అదే ఊపుతుంది. పుట్టినప్పుడు ఎంత బరువు, ఇప్పుడు ఎంత, ఎలా చప్పరిస్తోంది, ఎలా నిద్రపోతోంది అన్నీ చూసుకుని తలవైపున్న పూస రంగు మారుస్తుంది. తెల్లపూస అయితే ఇంటికి. ఎర్రపూస అయితే ఎనిమిదేళ్ళు వచ్చేసరికి మితిమీరి లావెక్కే ముప్పు ఉన్నట్టు. గట్టుకి ఐదు ఎర్రపూసలు, ఎక్కువా కాదు తక్కువా కాదు. ఐదే ఎందుకని అడిగితే సామగ్రి ఐదుగురికే మంజూరైంది అన్నారు. ముప్పు కూడా మంజూరు చూసుకునే వస్తుందన్నమాట.

మొదటి ఎర్రపూస గంగకి వచ్చింది. గంగాభవాని. తిరుపతమ్మ కూతురు. మణికట్లు చూస్తే వెదురు పుల్లల్లా ఉంటాయి.

"ఎర్రపూస అంటే మంచిదా అక్కా, చెడ్డదా?" అంది తిరుపతమ్మ.

చెప్పాను.

ఆమె అత్త అంకమ్మ ఊయల చుట్టూ ఒకసారి తిరిగి వచ్చింది. "ఎనిమిదేళ్ళ తర్వాత మాట ఇప్పుడే చెప్పుద్దా ఇది? మా పెళ్ళికి ముందు ఉండుంటే మా ఆయన్ని పడుకోబెట్టి చూసేదాన్ని గదమ్మా."

అందరూ నవ్వారు. మిగతా నాలుగు ఎర్రపూసలూ వచ్చేసరికి నవ్వడం ఆగింది. ఐదుగురూ గాలికి ఊగే పిల్లలే.

మస్తాన్‌బీ కొడుకు సుభానికి తెల్లపూస వచ్చింది. నిండు కుండలాంటి వాడు. ఎత్తుకుంటే నా చెయ్యి లాగుతుంది. ఆమె మాత్రం కదల్లేదు.

"అక్కా, వీణ్ణి ఇంకోసారి పడుకోబెట్టవా? మా పెద్దోడు కూడా ఈ వయసులో అచ్చం ఇట్టాగే ఉండేవాడు. ఇప్పుడు తొమ్మిదేళ్ళు. నాలుగు మెట్లెక్కితే కూర్చుంటాడు. ఏదన్నా సాయం దొరుకుద్దేమోనని."

"తెల్లపూస వస్తే పండగ చేసుకోక ఎర్రపూస కోసం ఏడుస్తావేంటి?" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆ మాట ఇక్కడ రాసి ఉంచుతున్నాను.

నమోదు 2. గురువారం

ఎర్రపూస ఇళ్ళకి సామగ్రి వచ్చింది. అందులో మంచివీ ఉన్నాయి, చెప్పకపోతే అబద్ధం అవుతుంది. వారానికి రెండు పూటలు వంట నేర్పే మనిషి వస్తుంది. బిడ్డ పాకడానికి మెత్తటి నేల ఉన్న గది పడవ ఒకటి వచ్చి గట్టుకి ఆగింది. తల్లికి కళ్ళంలో సగం పూట సెలవు.

వాటితో పాటు రెండో పుటలోని కొలత సీసా కూడా వచ్చింది.

తిరుపతమ్మ పాలు పిండి ఇచ్చి పనికి పోతుంది. ఆ పాలు ఈ సీసాలో పోయాలి. లెక్క ప్రకారం తాగగానే సీసా లోపల 'టక్' మని మూత పడుతుంది. పాలు కనిపిస్తూనే ఉంటాయి, రావు. గంగ ఇంకా చప్పరిస్తూనే ఉంటుంది. రాకపోయేసరికి ఒక్క క్షణం ఆగి నా ముఖంలోకి చూస్తుంది, ఇది నువ్వు చేసిన పనే గదా అన్నట్టు. తర్వాత ఏడుస్తుంది. ఉగ్గులో నెయ్యి, గుడ్డు తీసెయ్యమన్నారు. తల్లికి కేంద్రం నుంచి రోజూ వచ్చే గుడ్డు కూడా ఆపేశారు.

తల్లి గుడ్డు ఎందుకు ఆపారు? బిడ్డ లావెక్కుతుందని తల్లికి పస్తా? ఇది ఏ శాస్త్రంలో ఉంది? గట్టు మీద పిల్లలు ఆడుకోవడానికి ఒక్క గజం చదును నేల లేదు. తాగే నీళ్ళ కంటే చక్కెర కలిపిన తీపి నీళ్ళ సీసాలే తేలిగ్గా దొరుకుతాయి. వాటి పడవ రోజుకి రెండుసార్లు వస్తుంది, కూరగాయల పడవ వారానికి ఒకసారి. ఎనిమిదేళ్ళ పిల్లల్ని లావు చేస్తున్నది ఎవరో కనుక్కోవడానికి ఊయల అక్కర్లేదు, రేవులో ఒక గంట కూర్చుంటే చాలు. ఇదంతా ఐదు పుటల ఫిర్యాదుగా రాసి మిట్టకి పంపాను. 'మీ యంత్రం పేదవాడి ఎముకల్ని కూడా కొవ్వు కింద లెక్కేస్తోంది' అన్న వాక్యం రాసినప్పుడు నాకు చాలా తృప్తిగా అనిపించింది.

నమోదు 3. మంగళవారం

జవాబు వచ్చింది. ఐదు పుటలకి నాలుగు వాక్యాలు.

'శిశువు గంగాభవాని పుట్టినప్పుడు రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. ఆరు నెలలకు ఏడు కిలోల నాలుగు వందలు. పుట్టిన బరువు మూడింతలు కావడానికి మామూలుగా ఏడాది పడుతుంది, ఈ శిశువు ఆరు నెలలకే మూడింతలు దాటింది. ఎర్రపూస సమంజసమే, నెలాఖరుకు జాబితా ఖాయమవుతుంది.'

ఖాయమైతే ఏడాది నిండేదాకా పూస మారదు. సీసా కూడా మారదు.

మొదటి వాక్యం రెండోసారి చదివాను. రెండు కిలోల నాలుగు వందలు.

గంగ పుట్టిన రోజు నాకు గుర్తుంది. వాన. తూకం బల్ల మీద నేనే పడుకోబెట్టాను. రెండు కిలోల తొమ్మిది వందలు చూపించింది. చక్కటి బరువు. పుస్తకంలో మాత్రం రెండు కిలోల నాలుగు వందలని రాశాను.

ఎందుకు రాశానో వినండి. రెండున్నర కిలోల లోపు పుట్టిన బిడ్డ తల్లికి రోజుకో గుడ్డు. ఆపైన పుడితే వారానికి రెండు. అంటే తొమ్మిది నెలలూ ఎలాగో కడుపు నింపుకుని బిడ్డని నిండుగా కన్న తల్లికి శిక్ష. ఇది కూడా మీరు వేలు ఆనించిన నిబంధనే. తిరుపతమ్మ కాన్పైన ఇరవయ్యో రోజుకి కళ్ళంలో ఉండాలి. వారానికి రెండు గుడ్లతో పాలెక్కడ్నుంచి వస్తాయి? అందుకని ఐదు వందల గ్రాములు మింగేశాను. ఆమె ఒక్కదానికే కాదు. ఈ పందొమ్మిది మందిలో ఏడుగురికి అలాగే రాశాను. ప్రతిసారీ మంచిపని చేశాననే అనుకున్నాను.

ఆ ఏడుగురిలో ఐదుగురివే ఎర్రపూసలు.

బక్కగా పుట్టి బుసబుసా పెరిగిన బిడ్డలని ఊయల అనుకుంది. ఆ బక్కతనం వాళ్ళ ఒంట్లో లేదు, నా కలంలో ఉంది. ఐదు పుటలు రాసి యంత్రాన్ని తిట్టాను. అది చేసిన తప్పల్లా నన్ను నమ్మడమే.

ఇవాళ గంగని మామూలు బల్ల మీద తూచాను. వారం కిందట ఏడు కిలోల నాలుగు వందలు. ఇవాళ ఏడు కిలోల రెండు వందలు.

నమోదు 4. బుధవారం

పొద్దున్నే అంకమ్మ వాళ్ళ పడవ దగ్గరికి పోయాను. ఆమె పడవలో కూర్చుని వల బాగుచేస్తోంది. తిరుపతమ్మ పనికి తయారవుతోంది. ఉన్నదున్నట్టు చెప్పేశాను.

కింద నీళ్ళు పడవని కొడుతున్నాయి.

"అంటే నా బిడ్డ ఆకలికి ఏడ్చేది నీ వల్లేనా అక్కా?" అంది తిరుపతమ్మ.

"నా వల్లే."

"మరి ఆ గుడ్లు తిన్నది నేను గదా." తల వంచుకుంది. "నీకు తెలియదేమో గానీ, నాకూ తెలుసు తక్కువ రాశావని. బల్ల మీద అంకె నేనూ చూశాను. నోరు మూసుకున్నాను."

"ఇప్పుడు నేను పోయి చెబితే గుడ్ల సంగతి అడుగుతారేమో. మీ ఏడుగురినీ."

అంకమ్మ వల పక్కన పెట్టింది. "అడిగితే? ఎట్టా కక్కుద్దమ్మాయ్? ఎప్పుడో పాలైపోయినయ్యి. ఆ పాలు దీని ఒంట్లో ఉండయ్యి. కావాలంటే దీన్ని ఎత్తుకుపొమ్మను, రాత్రంతా ఏడుపు కూడా వాళ్ళే భరిస్తారు."

నాకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది. కానీ అసలు చిక్కు అది కాదు. నిజం బరువు ఇది అని చెప్పడానికి నా దగ్గర ఇంకో పుస్తకం లేదు. ఒకసారి తప్పు రాసినదాన్ని. రెండోసారి చెప్పేది ఎవరు నమ్ముతారు? పిల్లల పూసలు మార్పించడానికి మళ్ళీ అబద్ధం ఆడుతోందనే అంటారు. అదే అన్నాను.

అంకమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నిన్ను నమ్మమని ఎవరు అడిగారు? నా రాయిని అడగమను."

పడవ అడుగు పలక ఎత్తింది. నాలుగు రాళ్ళున్నాయి. పసుపు వెలిసిపోయినవి మూడు, ఇంకా పచ్చగా ఉన్నది ఒకటి. దాని మీద తారుతో గంగ పేరు, తేదీ.

ఇది ఎత్తురాయి. గట్ల మీద బిడ్డ పుట్టిన మూడో రోజున మేనత్త కావడి కట్టి, ఒక పక్క గుడ్డలో బిడ్డని, ఇంకో పక్క కరకట్ట నుంచి తెచ్చిన రాయిని పెడుతుంది. కావడి సమంగా నిలిచేదాకా రాళ్ళు మారుస్తుంది. నిలిచిన రాయికి పసుపు పూసి పడవ అడుగున వేస్తారు. ఈ ఇంట్లో ఇంకో మనిషి పెరిగారు, ఆ బరువుతో పడవ గాలికి నిలబడుతుంది అని. హిందువులు, క్రైస్తవులు, సాయెబులు అన్న తేడా లేకుండా గట్టు మీద ప్రతి ఇంటికీ ఉంటాయి.

నేను దీన్ని మూఢాచారం అన్నదాన్ని. నాలుగేళ్ళ కిందట కరపత్రం వేశాను. 'రాయికి పసుపు, బిడ్డకు పస్తు' అని దాని పేరు. పసిబిడ్డని మూడో రోజున కావడిలో ఊపుతారా అని రేవులో నిలబడి అరిచాను కూడా.

"నీ కాయితం ఇంకా ఉందమ్మాయ్ నా దగ్గర," అంది అంకమ్మ. "చేపలు పొట్లం కట్టటానికి గట్టిగా బాగుంది."

నమోదు 5. శనివారం

నిన్న మిట్టకి రెండే వాక్యాలు పంపాను. ఏడుగురి పుట్టిన బరువు నేను తప్పు రాశాను. వచ్చి చూడండి.

వస్తారనుకోలేదు. ఇవాళ పదకొండింటికి పడవ వచ్చింది. దిగిన మనిషి డాక్టర్ నిరంజన, నలభై లోపే ఉంటుంది. మెట్ల మీద నాచుకి జారి, పడకుండా నా భుజం పట్టుకుంది. మొదటి మాటే, "మీ పుస్తకం మొత్తం చదివాను విముక్తగారూ. ఐదు పుటల ఫిర్యాదు కూడా" అంది. ఆ మూడో మనిషి ఈమే.

"ఊయల అబద్ధం చెప్పలేదు. మీరు చెప్పిన అబద్ధాన్ని నమ్మింది," అంది కూర్చోగానే.

"ఒప్పుకుంటున్నాను. నాచేత అబద్ధం రాయించిన గుడ్ల లెక్కని కూడా ఒప్పుకోమనండి మీవాళ్ళని."

"అది తర్వాత మాట్లాడదాం. నిజం బరువులకి ఆధారం ఏంటి?"

రాళ్ళన్నాను. ఆమె ముఖం చూసి నాకే సిగ్గేసింది.

"ఏదో ఒక రాయి తెచ్చి ఇదే అనొచ్చు కదా," అంది మెల్లగా. అవమానించాలని అన్న మాట కాదు, అడగాల్సిన మాటే.

అప్పటికే తల్లులంతా చేరారు. మస్తాన్‌బీ సుభానిని చంకనేసుకుని ముందుకొచ్చింది. "మేడమ్, మా రాయి కూడా తూచండి. మావాడిది అక్క తప్పు రాయలేదు. మూడు కిలోల వంద. మా రాయి సరిపోతే తిరుపతమ్మ రాయి కూడా సరిపోయినట్టే గదా."

డాక్టర్ ఆమె వైపు ఒక్క నిమిషం చూసింది. "మీరు ఏం పని చేస్తారు?"

"నాచు ఆరేస్తా."

"మా దగ్గరికి రండి పనికి," అంది డాక్టర్.

అదే పరీక్ష. నేను నిజం రాసిన పన్నెండు మంది రాళ్ళు ముందు తూచాలి. అవి పుస్తకంతో సరిపోతే, మిగతా ఏడు రాళ్ళు చెప్పేదీ నమ్మొచ్చు.

పడవల అడుగుల్లోంచి రాళ్ళు తెచ్చి కేంద్రం నేల మీద వరసగా పెట్టారు. సుభాని రాయి ముందు బల్లెక్కింది. రెండు కిలోల తొమ్మిది వందల అరవై. పుస్తకంలో మూడు కిలోల వంద. రెండోది కూడా తక్కువే. మూడోదీ తక్కువే.

"తక్కువ చూపిస్తున్నాయి," అంది డాక్టర్.

"చూపించవా మరి," అంది అంకమ్మ. "కావడి కట్టేది మూడో రోజున. పుట్టిన బిడ్డ మూడు రోజులకి కాస్త వాడుద్ది. పాలు పడ్డాక మళ్ళీ తేరుకుద్ది. పది మందికి పురుడు పోసినదాన్ని, నాకు తెలవదా?"

డాక్టర్ కలం ఆగిపోయింది. ఒక్కో రాయికీ ఎంత తగ్గిందో లెక్క కట్టింది. వందకి నాలుగైదు వంతులు. అన్నిటికీ దాదాపు అంతే. ఒక్క రాయి మాత్రం ఏకంగా నాలుగు కిలోలు తూగింది. ఆ బిడ్డ మేనత్త గుంపు వెనక్కి జరిగింది.

"మా అన్నకి పెళ్ళైన ఐదేళ్ళకి పుట్టాడు మేడమ్. కొంచెం పెద్ద రాయి పెట్టాను. గొప్పగా ఉంటదని."

డాక్టర్ మొదటిసారి నవ్వింది. ఆ రాయి పక్కన పెట్టింది. మిగతా పదకొండూ సరిపోయాయి.

తర్వాత గంగ రాయి. అంకమ్మే ఎత్తి బల్ల మీద పెట్టింది, ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. రెండు కిలోల ఏడు వందల డెబ్భై.

డాక్టర్ లెక్క కట్టింది. "పుట్టినప్పుడు రెండు కిలోల తొమ్మిది వందలు."

మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఇరవై ఏడేళ్ళుగా ఎదుటివాళ్ళది తప్పని నిరూపించినప్పుడే నాకు సంతోషం. నా తప్పు రుజువై ఒళ్ళు తేలికపడటం ఇదే మొదలు.

నమోదు 6. అదే రోజు, సాయంత్రం

సరైన బరువులతో ఊయల మళ్ళీ లెక్క వేసింది. గంగ బరువు ఆరు నెలలకి రెండున్నర ఇంతలు. తెల్లపూస. ఐదుగురివీ తెల్లబడ్డాయి. పైకి వచ్చిన పేర్లలో మొదటిది సుభాని. మూడింతలకి కొంచెం తక్కువ. మొదటి తూకంలో ఆరోవాడుగా మిగిలిపోయింది వాడే. నా ఐదు అబద్ధాలు వాడికి రావాల్సిన సాయాన్ని ఆక్రమించుకుని కూర్చున్నాయి.

మస్తాన్‌బీ దగ్గరికి పోయి చెప్పాను. పండగ చేసుకోమన్నాను గదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానన్నాను.

"ఎర్రపూస వచ్చిందని ఇంత సంతోషపడేది నేనొక్కదాన్నేనేమో గట్టు మీద," అంది ఆమె. కళ్ళు తుడుచుకుంది. "కానీ సీసా మాత్రం వద్దక్కా. ఆ టక్ మనే చప్పుడు నేను వినలేను."

డాక్టర్ విన్నది. "సీసా ఉండదు. సాయం మాత్రమే. వంట మనిషి, పాకుడు గది, సెలవు, నెలకోసారి నేను. మీ పెద్దబ్బాయిని కూడా తీసుకురండి." కాయితం మీద అలాగే రాసి సంతకం పెట్టింది.

"రాయొచ్చా అలా? రెండో పుట ఒప్పుకోదు గదా," అన్నాను.

ఆమె కలం మూత పెట్టింది. "ఈ ఊయల తయారు చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. మేం రాసింది ఒక్క పుటే. ముందే తెలిస్తే ముందే తోడుగా ఉండొచ్చని. ఆరు నెలల బిడ్డ తిండి కొలిచి ఆపేయడం వైద్యం కాదు, మేం రాయలేదు. రెండో పుట మిట్ట సభలో కలిపారు. సాయానికి అయ్యేది ఎక్కడో మిగల్చాలన్నారు."

"మీరు ఊరుకున్నారు."

"ఊరుకున్నాను. మొదటి పుటైనా గట్టెక్కుతుందని."

ఆమెని తిట్టడానికి ఐదు పుటలు సిద్ధంగా ఉన్నాయి నా దగ్గర. తిట్టలేదు. మంచి జరుగుతుందని నేను అంకె మార్చాను, మంచి జరుగుతుందని ఆమె నోరు మూసుకుంది. ఇద్దరం చేసినదీ ఆ పసిదాని గిన్నెలోనే పడింది.

సరైన లెక్క ప్రకారం గట్టులో నిజంగా సాయం కావలసినవాళ్ళు ఇద్దరే. జాబితా మాత్రం ఐదు పేర్లు నింపితే గానీ కదలనంది. డాక్టర్ మూడుసార్లు ప్రయత్నించి, దాన్ని వదిలేసి, తెల్లకాయితం మీద చేత్తో 'ఇద్దరే' అని రాసింది.

ఎండ తగ్గాక తిరుపతమ్మ కళ్ళం నుంచి వచ్చింది. మామూలు గిన్నెలో ఉగ్గు కలిపాను. నెయ్యి వేశాను. గంగ సగం తిని ఆగింది, నా ముఖంలోకి చూసింది. ఎప్పుడు మూత పడుతుందా అని చూస్తోందని అర్థమైంది. ఇంకో చెంచా పెట్టాను. తిన్నది. ఇంకోటి. తిన్నది. ఐదో చెంచాకి తల తిప్పేసి, మిగిలింది నా చీర మీద ఊసింది.

"చాలంట," అంది తిరుపతమ్మ. "చూశావా, దానికే తెలుసు ఎప్పుడు చాలో."

నమోదు 7. సోమవారం

ఏడుగురు తల్లుల్ని గుడ్ల గురించి ఎవరూ ఏమీ అడగరని డాక్టర్ లిఖితపూర్వకంగా పంపింది. 'నమోదు చేసిన సేవిక లోపం' అని ఒక్క ముక్కలో తేల్చేసింది. అందుకు ఆమెకి రుణపడి ఉన్నాను.

ఆ సేవికకి శిక్ష కూడా వచ్చింది. ఆరు నెలలు తూకం రాసే హక్కు లేదు. రెండో గట్టు నుంచి ఒక అమ్మాయి వచ్చి రాస్తుంది. బిడ్డల్ని ఎత్తుకోవచ్చు, తినిపించొచ్చు, పలకల మీద ఉప్పు తుడవొచ్చు. న్యాయమైన శిక్షే. నేను చెప్పానని ఆశ్చర్యపోకండి.

గంగ ఇవాళ ఏడు కిలోల మూడు వందల యాభై. తూచింది ఆ అమ్మాయి. నేను రాయలేదు, చూశాను.

సుభాని పాకుడు గదిలో మూడుసార్లు ముందుకి పోవాలని చూసి మూడుసార్లూ వెనక్కే పోయాడు. వాళ్ళన్న గుమ్మంలో నిలబడి పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. తర్వాత వాడూ నేల మీదకి దిగాడు, తమ్ముడికి ఎలా పాకాలో చూపించడానికి. ఎంతసేపు పాకాడో వాడే చూసుకోలేదు.

ఇక మీరు. రెండో పుట మీద మళ్ళీ ఓటు వస్తుందట. డాక్టర్ అర్జీ పెట్టింది. ఈసారి కాఫీ పక్కన పెట్టి చదవండి. చదవడానికి తీరిక లేకపోతే ఇవి చాలు:

1. పసిబిడ్డల ముప్పును ముందే గుర్తించడం కొనసాగాలి. ఊయలని ఏ గట్టు నుంచీ తీసెయ్యకూడదు.

2. కొలత సీసాలన్నీ వెనక్కి తీసుకోవాలి.

3. బిడ్డ పూస ఏ రంగైనా తల్లి తిండి తగ్గించకూడదు.

4. పాలిచ్చే ప్రతి తల్లికీ రోజుకో గుడ్డు ఇవ్వాలి, బిడ్డ ఎంత బరువు పుట్టినా. అప్పుడు ఏ సేవికా అంకె మార్చాల్సిన పని ఉండదు.

5. గట్టుకి ఐదుగురు అన్న లెక్క ఎత్తెయ్యాలి. ఇద్దరుంటే ఇద్దరికి, పన్నెండు మంది ఉంటే పన్నెండు మందికీ సాయం అందాలి.

6. తల్లి అనుమానం చెబితే దాన్ని కూడా తూకంతో పాటు రాయాలి. మస్తాన్‌బీ ఊయల కంటే ముందే చెప్పింది.

7. కూరగాయల పడవ రోజూ రావాలి. తీపి నీళ్ళ పడవ రేవు పిల్లల కేంద్రానికి దూరంగా ఉండాలి.

8. ప్రతి గట్టు మీదా పిల్లలు పరుగెత్తడానికి చదును నేల వెయ్యాలి.

9. ఆధారాల కోసమని మిట్టకి తీసుకుపోయిన ఎత్తురాళ్ళు పందొమ్మిదీ, ఆ నాలుగు కిలోలదానితో సహా, ఈ వారంలోగా వెనక్కి పంపాలి. గాలులు మొదలయ్యాయి. పడవలు నిలవడం లేదు.